మందునకును రోగికిని నడుమ

నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు పోవు బాట ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఒకప్రక్క కుందూనది పారు నల్లరేగడి భూములు, వేరొకప్రక్క నల్లమల కొండలు, నడుమ సిరివెళ్ళ మున్నగు గ్రామములు. ఎడ్లబండి కాలమున నిది పగలంతయు పట్టు ప్రయాణము. వైద్యుడు పట్టణమున, రోగి పల్లెలో ఉన్న ఆ దినములలో ఈ దూరమే అనేకుల ఆయుర్దాయమును నిర్ణయించెను. ఐతే వైద్యచరిత్రలో ఇంతకంటె చిన్నదియు, దాటుటకు ఇంతకంటె కష్టమైనదియు నగు దూరము మరియొకటి కలదు. అది మందుసీసాకును రోగి నోటికిని నడుమనున్న దూరము. వైద్యుడు మందు వ్రాసి వెడలిపోవును. ఆ మందు సరియైన వేళకు, సరియైన మోతాదున, సరియైన మనిషికి చేరినదా, చేరిన పిదప ఏమి జరిగినది అని చూచువారెవరు? ఆ చూచువారి విద్యయే పరిచర్యావిద్య. నర్సింగు అని మనము వాడుచున్న మాటకు అర్థమదియే. ఆ విద్య మన సీమకు ఏ త్రోవను వచ్చినదో, వచ్చి ఏమి మార్చినదో కొంచెము విచారింతము.

మన పూర్వులు ఈ విద్య నెరుగనివారు కారు. చరకసంహిత వైద్యమునకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఇందేది కుంటుపడినను చికిత్స సాగదు. పరిచారకునకు నాలుగు గుణములుండవలెననియు ఆ గ్రంథమే చెప్పినది. ఉపచారము తెలిసియుండుట, చేతినేర్పు, రోగియెడ ప్రేమ, శుచిత్వము. ఇక తెలుగునాట శిలాశాసనమే సాక్ష్యమిచ్చుచున్నది. కాకతి రుద్రమదేవి కాలమునాటిదైన 1261వ సంవత్సరపు మల్కాపురము శాసనము గుంటూరు సీమలో దొరకినది. గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునకు లభించిన గ్రామముల ఆదాయమునుండి ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును భాగములు కేటాయించిన వైనము అందు కలదు. కానుపునకు ప్రత్యేకముగా ఒక శాల ఉండవలెనను తలంపు మన దేశమున ఏడున్నర శతాబ్దములకు పూర్వమే కలదన్నమాట.

ఐనను పల్లెటూరి సామాన్యునకు ఆరోగ్యశాల అందుబాటులో ఉండినది కాదు. అతనికి ఇల్లే ఆసుపత్రి, ఇంటి అవ్వయే పరిచారిక. గురిగింజ ఎత్తు, చిటికెడు, ఉగ్గుగిన్నెడు అను కొలతలతో ఆమె మందు నిచ్చుచుండెను. ఏ మందును తేనెతో నీయవలెను, దేనిని మజ్జిగతో నీయవలెను అను అనుపానము, ఏది తినవచ్చును, ఏది తినరాదు అను పథ్యము ఆమెకు కంఠస్థములు. కానుపు వచ్చినచో మంత్రసాని వచ్చుచుండెను. పలుచోట్ల మంగలి కులపు స్త్రీలు ఈ పనిని తరతరములుగా చేసిరి. వారి నేర్పును తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. అడ్డము తిరిగిన బిడ్డను చేతితో సరిదిద్దిన మంత్రసానులను గూర్చి మన ఇండ్లలో నేటికిని చెప్పుకొందురు. ఐతే ఆ జ్ఞానమున రెండు కొరతలుండెను. కంటికి కానరాని క్రిములు చేతులమీదను, కొడవలిమీదను, నూలుపోగుమీదను ఉండునని వారికి చెప్పినవారు లేరు. రెండవది, తాము చూచినది వ్రాసిపెట్టు అలవాటు లేదు. ఒక అవ్వ నేర్చినది ఆమెతోనే పోయెడిది. ఆధునిక పరిచర్యావిద్య ఈ రెండు కొరతలను తీర్చుటకు వచ్చినదే.

ఆ విద్యకు మూలపురుషుడు కాదు, మూలవనిత, ఫ్లారెన్సు నైటింగేలు. 1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు సేవచేసి ఆమె ఖ్యాతి గడించెను. 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణాలయము వెలసెను. దీపము చేతబట్టి వార్డులలో తిరిగిన దయామూర్తిగానే మనలో పలువురామెను ఎరుగుదురు. ఆమె అంకెలు చేతబట్టిన మనిషి కూడ. యుద్ధమున గాయములవలన చచ్చినవారికంటె మురికివలన, అంటురోగములవలన చచ్చినవారే ఎక్కువయని లెక్కలువేసి, పటములు గీసి ప్రభుత్వమునకు చూపెను. ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. ఐనను 1863లో వెలువడిన భారతసైన్యారోగ్య విచారణ సంఘపు నివేదిక వెనుక ఆమె శ్రమ కలదు. అంతటితో ఆగక ఆమె మన కరవులను గూర్చియు, కాలువలను గూర్చియు వ్రాసెను. సర్ ఆర్థరు కాటను నీటిపారుదల వాదమును ఆమె బలపరచినది. ఆ కాటను తలపెట్టిన పెద్ద యోజనలో ఒక భాగమే నంద్యాల ప్రక్కగా పారుచున్న కర్నూలు–కడప కాలువ. మదరాసు ఇరిగేషను కంపెనీవారు దానిని 1860వ దశకమున త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. నర్సుల గురువునకు కాలువలతో పని యేమని మన కనిపించవచ్చును. కడుపునకు తిండియు, త్రాగుటకు మంచినీరును లేనిచోట మందు పనిచేయదని ఆమె ఎరుగును.

ఆ సత్యము మన సీమకు 1876–78 నాటి ధాత కరవులో అనుభవమునకు వచ్చెను. కర్నూలు జిల్లా ఆ కరవున మిక్కిలి దెబ్బతిన్నవానిలో నొకటి. 1871 నాటి జనసంఖ్యతో పోల్చగా 1881 నాటికి జిల్లాలో దాదాపు నాలుగవవంతు జనము తగ్గెను. ఆకలి ఒక్కటే వారిని చంపలేదు. ఆకలిచే నీరసించిన దేహములను వాంతిభేదియు, మసూచియు, చలిజ్వరమును కబళించెను. 1877 ప్రారంభమున సర్ రిచర్డు టెంపులు కరవుపనిలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు కూలి చాలునని నిర్ణయించెను. మదరాసు రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు దానిని ఎదిర్చెను. పనిచేయు మనిషి దేహము ఆ కొలతతో నిలువదని, పప్పును కూరలును కూడ కావలెనని ఆయన వాదించెను. కొన్ని నెలలకు కూలి హెచ్చింపబడెను. ఈ వాదమును పరిచర్యావిద్యార్థులు గమనింపవలెను. ఆహారము గూడ ఒక ఔషధమే; దానికిని మోతాదు కలదు; మోతాదు తప్పినచో మనిషి చచ్చును. రోగి ఎంత తిన్నాడో పళ్ళెము చూచి వ్రాసికొనుట నర్సు పనులలో మొదటివరుసలో ఉండుటకు కారణమిదియే.

శిక్షణ పొందిన పరిచారికలు మన ప్రాంతమునకు మదరాసు దారిని వచ్చిరి. నంద్యాల, ఆళ్ళగడ్డలు చేరిన కర్నూలు జిల్లా అప్పుడు మదరాసు రాజధానిలోనిది. 1854లో మదరాసున మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకు ప్రభుత్వము అనుమతించెను. 1871లో అచ్చటి జనరలు ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ఆరంభమయ్యెను. తొలితరగతిలో చేరినవారు నలుగురు మాత్రమే. ఆ నలుగురితో మొదలైన తరగతిని భారతదేశమున నర్సింగు పాఠశాలలకు ఆదిగా లెక్కింతురు. గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు అచ్చట 1898లో స్త్రీలకు ఆసుపత్రి కట్టించెను. వేలూరులో డాక్టరు ఐడా స్కడరు 1909లో నర్సుల పాఠశాలను నెలకొల్పెను. రాయలసీమ రోగులు నేటికిని రైలెక్కి వేలూరు పోవుచుండుట మన మెరిగినదే. మన సీమకు సమీపముననే జమ్మలమడుగులో 19వ శతాబ్దము చివర క్యాంబెలు దొర పేర ఆసుపత్రి వెలసెను. నంద్యాలలోను, ఆళ్ళగడ్డకు చేరువనున్న ముత్యాలపాడులోను ఎస్.పి.జి. మిషనువారు పాఠశాలలు నడిపిరి. ఆడపిల్లకు చదువువచ్చినగాని నర్సు శిక్షణకు దారిలేదు గనుక ఆ బడులకును ఈ చరిత్రలో స్థానము కలదు.

ఈ పనికి ముందుకు వచ్చినవారెవరను ప్రశ్నను మనము దాటవేయరాదు. పరాయివారి మలమూత్రములెత్తుట, పురుషరోగిని తాకుట, రాత్రివేళ ఇల్లు విడిచియుండుట అగ్రవర్ణ కుటుంబములకు సమ్మతము కాలేదు. ఊరికి వెలుపల నుంచబడిన కుటుంబముల క్రైస్తవ బాలికలును, ఆదరువులేని వితంతువులును పలువురు ఈ వృత్తిలో చేరిరి. సంఘము వారి సేవను పొందెనే గాని గౌరవము నీయలేదు. ఫలితమేమన, 1946లో భోరు సంఘము తన నివేదికలో లెక్క చెప్పినపుడు బ్రిటిషు ఇండియా అంతటికిని నర్సులు సుమారు 7,000 మంది. 43,000 మంది జనమునకు ఒక్క నర్సు. అప్పటి మన తాలూకాలను దృష్టియందుంచుకొని చూచినచో, తాలూకాకు ఒకరో ఇద్దరో లెక్కకు వచ్చిరన్నమాట. చట్టము మాత్రము అంతకు ముందే వచ్చెను. 1926లో మదరాసు నర్సుల, మంత్రసానుల చట్టము పుట్టి, శిక్షణ పొందినవారి పేర్లు రిజిష్టరులో నెక్కించు ఏర్పాటు చేసెను. ఆంధ్రప్రాంతమున తరువాత చాలకాలము ఆ చట్టమే మార్పులతో నడచెను. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చి దేశమంతటికిని ఒకే పాఠ్యప్రమాణమునకు దారి తీసెను.

ఇక ఆ శిక్షణలో నేర్పినదేమి? మొట్టమొదటిది చేతులు కడుగుకొనుట. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైసు అను వైద్యుడు, ప్రసవము చేయువారు క్లోరిను నీటితో చేతులు కడిగికొన్నచో బాలింతజ్వరపు మరణములు మిక్కిలి తగ్గునని చూపెను. తోటివారు నమ్మలేదు. క్రిమిసిద్ధాంతము స్థిరపడిన పిదపనే లోకము ఆ మాటను అంగీకరించెను. ఒక రోగిని తాకుటకు ముందును, తాకిన తరువాతను చేతులు కడుగుట నేటికిని మొదటి పాఠమే.

రెండవది చూచుట, చూచినది వ్రాయుట. 1860వ దశకపు చివరి భాగమున క్లిఫర్డు ఆల్బట్టు పొట్టి జ్వరమానిని తయారుచేసెను. 1868లో జర్మను వైద్యుడు వుండర్లిఖు జ్వరపటముల విలువను గ్రంథరూపమున లోకమునకు చెప్పెను. అంతవరకు ఒడలు కాలుచున్నదని చేతితో చూచి చెప్పుటయే. జ్వరమాని వచ్చిన పిదప జ్వరమునకొక గీత ఏర్పడెను. నల్లమల అంచున ఊళ్ళకు ఈ గీత ప్రాణప్రదమైనది. దినము విడిచి దినము వణుకుతో ఎగసి, చెమటతో దిగు గీత చలిజ్వరమును సూచించును. మెట్లు మెట్లుగా ఎక్కి దిగకనుండు గీత సన్నిపాతజ్వరమును, అనగా టైఫాయిడును అనుమానింపజేయును. నాలుగు గంటలకొకసారి నర్సు పెట్టిన చుక్కలను కలిపినగాని వైద్యునకు ఆ గీత దొరకదు. పెద్దవారికి నాడి నిమిషమునకు 60 మొదలు 100 వరకు, శ్వాస 12 మొదలు 20 వరకు సహజమని విద్యార్థులు నేర్చుకొందురు. ఈ రెండింటిలో శ్వాసను లెక్కపెట్టుట అలసత్వముచే మానివేయుదురు. రోగి స్థితి క్షీణించుచున్నపుడు తరచు ముందుగా మారునది శ్వాసయే గనుక అది పెద్ద పొరపాటు.

మూడవది మందు నిచ్చుట. నాటి ధర్మాసుపత్రులలో కాంపౌండరు సీసాపై కాగితపు ముక్కను పళ్ళుపళ్ళుగా కత్తిరించి అంటించెడివాడు. ఒక పన్ను ఒక మోతాదు. చదువురాని రోగికి అదియే వ్రాత. చలిజ్వరమునకు క్వినైను ఇచ్చెడివారు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనుటతో వ్యాధిమూలము తెలిసెను గాని, క్వినైను చేదు మాత్రము తగ్గలేదు. రోగి బుగ్గన దాచి ఉమ్మివేయును; లేక రెండుదినములు జ్వరము రాకున్న మందు మానును; పదిదినములకు జ్వరము తిరుగబెట్టును. మ్రింగువరకు మంచము కడ నిలిచియుండవలెనను నియమము ఈ విధముగా అనుభవమునుండి పుట్టినదే. డిజిటాలిసు ఈయబోవుటకు ముందు నాడిని పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలెను. 60కి తగ్గినచో మందు నాపి వైద్యునకు తెలుపవలెను. మార్ఫియా ఇచ్చుటకు ముందు శ్వాసను లెక్కింపవలెను. వైద్యుని ఆజ్ఞ చేతనున్నను ఆగి అడుగు అధికారము నర్సునకు కలదని ఈ నియమములు తెలుపుచున్నవి. అడుగుట ఆమె ధర్మము కూడ.

కొలతల మార్పు మరియొక పరీక్ష. గ్రెయిను, డ్రాము, ఔన్సు అను పాతకొలతలతో చదివిన తరము మిల్లీగ్రాము, మిల్లీలీటరులకు మారవలసివచ్చెను. 1956లో తూనికలు కొలతల చట్టము మెట్రిక్ పద్ధతిని దేశమున ప్రవేశపెట్టెను. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు, ఒక ఔన్సు సుమారు 30 మిల్లీలీటరులు. ఇందు దశాంశపు చుక్క ఎంతటి అపాయకారియో చూడుడు. అరను వ్రాయునపుడు చుక్కకు ముందు సున్న నుంచవలెను. లేనిచో చుక్క కంటబడక అర ఐదగును. ఐదు వ్రాయునపుడు వెనుక చుక్కయు సున్నయు ఉంచరాదు. ఉంచినచో ఐదు ఏబదియగును. ఒక్క చుక్క ప్రాణమునకు పదిరెట్ల బరువు తెచ్చును.

అందుచేతనే సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ అను ఐదు సరులను ప్రతి నర్సింగు విద్యార్థికిని నేర్పుదురు. ఇచ్చిన వెంటనే వ్రాయుట ఆరవది. మొదటిది సులభమనుకొందుము. కాని అహోబిల నరసింహస్వామి, మహానందీశ్వరుడు కొలువున్న ఈ సీమలో ఒకే వార్డున ముగ్గురు ఓబులేసులు, ఇద్దరు నరసింహులు, ఒక నందీశ్వరుడు ఉండుట వింత కాదు. "మీరు ఓబులేసేనా?" అని యడిగినచో సగము నిద్రలోనున్న ముసలివాడు ఎవరైనను ఊ యనును. "తాతా, మీ పేరేమి? మీ ఊరేది?" అని యడిగి, అతని నోట చెప్పించి, చీటీతో సరిచూచుకొని ఈయవలెను. ఇంతటి చిన్నమాటలో ఒక ప్రాణము నిలుచుటయు, పోవుటయు కలదు.

20వ శతాబ్దపు నడుమ కొత్త మందులు వెల్లువగా వచ్చెను. తొలిదినములలో పెనిసిలిను సూదిని మూడు గంటలకొకసారి రాత్రింబవళ్ళు వేయవలసియుండెను. ఆ మందు విజయమున రాత్రి మేలుకొన్న నర్సుల పాలు పెద్దది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని ప్రయోగశాలనుండి బోదకాలు క్రిములకు మందును, 1948లో ఆరియోమైసిను అను క్రిమిసంహారకమును వెలువడెను. ఇట్టి మందులు వచ్చుటతో నర్సు పని తగ్గునని కొందరు తలచిరి. జరిగినది వేరు. దానికి క్షయవ్యాధి చరిత్రయే నిదర్శనము.

రాయలసీమలోనే మదనపల్లె వద్ద ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసెను. డాక్టరు ఫ్రిమోట్ మోల్లరు దానికి తొలి అధిపతి. మందు లేని ఆ కాలమున గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, నిత్యము జ్వరము చూచుట, ఇవియే చికిత్స. అనగా పరిచర్యయే చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిను, 1952లో ఐసోనియాజిడు వచ్చెను. చికిత్సాలయములలో పడకలు కొన్ని వేలు. దేశమున రోగులు లక్షలు. 1956లో మదరాసున నెలకొన్న క్షయ పరిశోధనా కేంద్రమువారు రోగులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమును చికిత్సాలయమున నుంచి, రెండవ భాగమునకు ఇరుకైన పేదయిండ్లలోనే మందు లిచ్చి చూచిరి. 1959లో ఫలితము వెలువడెను. ఇంటివద్దనున్నవారును దాదాపు సమానముగానే కోలుకొనిరి. ఐతే ఒక షరతు: మందు మానరాదు. ఆరోగ్య సందర్శకులు ఇండ్లకు చెప్పకుండ పోయి మాత్రలు లెక్కపెట్టిరి. మూత్రమును పరీక్షించి మందు మ్రింగినదియు లేనిదియు కనుగొనిరి. మందును కంటియెదుట మ్రింగించు పద్ధతి లోకమంతట వ్యాపించుటకు ఈ అనుభవమే బీజము. మందు ఎంత గొప్పదైనను దానిని రోగివరకు నడపించు మనిషి లేనిచో అది బీరువాలో నున్న బిళ్ళయే.

ఇక పల్లెకు వత్తము. 1951నుండి ఏ.ఎన్.ఎం. అను సహాయక నర్సుల శిక్షణ దేశమున ఆరంభమయ్యెను. తరువాతి దశకములలో 5,000 జనమునకు, కొండప్రాంతములలో 3,000 జనమునకు ఒక ఉపకేంద్రము అను లెక్క ఏర్పడెను. నల్లమలలోని చెంచుగూడెములకు ఈ రెండవ లెక్క వర్తించును. కాలినడకను, సైకిలుమీదను తిరిగిన ఈ స్త్రీలు చేసిన పనికి ఒక నిదర్శనము చాలును. బొడ్డుతాడును అశుచియైన పనిముట్టుతో కోయుటవలనను, పుండుపై బూడిదయో పేడయో పూయుటవలనను పురిటిబిడ్డకు ధనుర్వాతము వచ్చుచుండెను. ఐదవ ఆరవ దినమున బిడ్డ చన్ను పట్టక, కొయ్యబారి చచ్చెడిది. దానిని దయ్యముగాను, గ్రహముగాను భావించి తల్లులు ఏడ్చిరి. గర్భిణికి రెండు సూదిమందులు, శుభ్రమైన చేతులు, క్రొత్త బ్లేడు, ఉడికించిన దారము, బొడ్డుపై ఏమియు పూయకుండుట. ఇంతే మందు. 2015లో భారతదేశమున తల్లీబిడ్డల ధనుర్వాతము నిర్మూలింపబడినదని ప్రకటింపబడెను. మంత్రసానిని నిందించి కాక, ఆమెకు నేర్పియు, ఆమె ప్రక్క నిలిచియు సాధించిన విజయమిది.

వాంతిభేదియును అట్టిదే. రోగికి నీరీయరాదని, కడుపు మాడ్చవలెనని మనవారిలో నమ్మకముండెను. 1971లో బంగ్లాదేశపు కాందిశీకుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిసు సెలైను సీసాలు చాలక, ఉప్పు, చక్కెర కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు నుండిన మరణములు 4కు లోపలికి దిగెను. ఇందు బంధువులే నర్సులైరి, నర్సులు గురువులైరి. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమముచేసిన టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి, గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగించుమని చెప్పుట ప్రతి పరిచారికయు ఎరిగిన పాఠము. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, మలమున రక్తము కనిపించినను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెనను మాటను ఆమె దానితోపాటే చెప్పును.

నేడు రూపురేఖలు మారినవి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు ప్రారంభమయ్యెను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాయయ్యెను. ఆళ్ళగడ్డ అందులో చేరెను. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమయ్యెను. ఉపకేంద్రములలో నర్సింగు పట్టభద్రులు కూర్చుండి రక్తపు పోటును, మధుమేహమును చూచు దినములు వచ్చినవి. 40 కిలోమీటర్ల దూరము ఒక గంటకు కుదిసినది. కాని మందుసీసాకును నోటికిని నడుమనున్న దూరము రోడ్డు వేసినంతమాత్రమున కుదియునది కాదు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండవలెనని నర్సింగు మండలి ప్రమాణము. రాత్రివేళ వార్డంతటికిని ఒక్కరే యుండుట మన ఆసుపత్రులలో అరుదైన దృశ్యము కాదు. అలసిన ఆ ఒక్క మనిషినుండి ఐదు సరులను, నాలుగు గంటల చుక్కలను, లేవలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి పడకపుండు రాకుండ చూచుటను మనము ఆశించుచున్నాము. ఆశించుట తప్పుగాదు, ఆమెకు తోడు నీయకపోవుటయే తప్పు.

ఈ విద్యను చదువుచున్న బాలికలును బాలురును పుస్తకములోని మోతాదులను, అంకెలను కంఠస్థము చేయుదురు. చేయవలసినదే. దానితోపాటు ఆ అంకెలలో ప్రతియొక్కటియు ఎక్కడనో ఒక ప్రాణము పోయిన పిదప, ఎవరో ఒకరు కూర్చుండి లెక్కించి వ్రాసినందున దొరకినదని వారు తెలిసికొనవలెను. కరవుశిబిరమున ధాన్యపు తూకమును, ఆరోగ్యవరమున జ్వరపటమును, మదరాసు పేటలో లెక్కించిన మాత్రలను, పల్లెలో క్రొత్త బ్లేడును కలిపినదే నేటి పాఠ్యపుస్తకము. చరకుడు చెప్పిన నాలుగు పాదములలో మూడవదానికి మన సంఘము చాలకాలము తక్కువ కూలియు, అంతకంటె తక్కువ గౌరవమును ఇచ్చినది. ఆ బాకీని తీర్చు పని నంద్యాలలోను, ఆళ్ళగడ్డలోను, ప్రతి ఊరిలోను ఇంకను మిగిలియున్నది.